టోపీ తీయలేని కుమారుడు



ఈ నెల పిల్లల చదువుల గురించి రాద్దామనుకున్నాము. అంతలో ఒక తల్లి రాసిన ఉత్తరం మా చేతికి వచ్చింది. చదివాక ముందు దీనికే జవాబు రాయాలని మాకిద్దరికీ తోచింది. ఊరూ పేరూ చెప్పము. సంగతి మాత్రం ఆమె అనుమతితోనే రాస్తున్నాము.

ఆమెకు ఒక్కడే కుమారుడు. ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ చదివి పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. సండే స్కూలులో పెరిగిన బిడ్డ, పాటల వేళ తబలా వాయించేవాడు. రెండేళ్ళుగా నుదుటి పైనా, నడినెత్తి మీదా జుట్టు పలచబడింది. ఆ కారణం చేతనే రెండు సంబంధాలు తప్పిపోయాయి. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా తల మీద టోపీ ఉండవలసిందే. మన మందిరాల్లో ప్రార్థన వేళ మగవారు తల మీద టోపీ గాని తువ్వాలు గాని ఉంచుకోరు కదా. ఆ టోపీ తీయలేక అతడు ఆరాధనకు రావడమే మానుకున్నాడు. పండుగకు ఇంటికొచ్చినా, "మీరు వెళ్ళి రండమ్మా, నాకు ఒంట్లో బాగాలేదు" అంటాడట. నూనెలకూ పొడులకూ ఇప్పటికే వేలు పోశాడు. ఇప్పుడు జుట్టు నాటించుకోవడానికి పొలం మీద అప్పు తెమ్మంటున్నాడు.

"ఇది చిన్న సంగతని నవ్వకండి అయ్యగారూ, అమ్మగారూ. మా ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు" అని ఆ తల్లి ఉత్తరం ముగించింది.

అమ్మా, మేము నవ్వలేదు. నవ్వకపోవడానికి ఒక కారణం ఉంది. ముందు అది ఒప్పుకుంటాము.

కొన్నేళ్ళ క్రితం ఒక క్రిస్మస్ కూటంలో కరెంటు పోయింది. జనం విసుక్కుంటున్నారు. అప్పుడు మాలో ఒకరు లేచి, ముందు వరుసలో కూర్చున్న ఒక యౌవనస్థుణ్ణి చూపిస్తూ, "దిగులెందుకు? మన తమ్ముడు కాస్త తల వంచితే వెలుగు అదే వస్తుంది" అన్నారు. అందరూ నవ్వారు. అతడూ నవ్వాడు. మరుసటి ఆదివారం అతడు వెనుక వరుసలో కూర్చున్నాడు. ఆ పై వారం బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. సంక్రాంతి నాటికి కనబడడమే మానేశాడు. పనుల ఒత్తిడి అనుకున్నాము. చివరికి అతని తండ్రి చెబితే గాని అసలు సంగతి మాకు తెలియలేదు. ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. అతడు ఒక్క మాట అన్నాడు: "బయట ఎవరన్నా సర్దుకుంటున్నానండి. మందిరంలో కూడా అంటారనుకోలేదు."

ఆ రోజు వేళాకోళం చేసిన మనిషికి అప్పట్లో ఒత్తయిన జుట్టు ఉండేది. ఇప్పుడు లేదు.

కనుక ఈ నెల ముందు తల సంగతి తెలుసుకుందాము. ఆ తరువాత మనసు సంగతి.

ఎందుకు రాలుతుంది?

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళ వరకు, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత కొన్నాళ్ళు పెరగకుండా ఆగి, రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది పుడుతుంది. ఈ లెక్కన రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు చుట్టుకోగానే భయపడనక్కరలేదు.

మగవారిలో వచ్చే మామూలు బట్టతల సంగతి వేరు. పురుష హార్మోను అయిన టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం శరీరంలో డీహెచ్‌టీ అనే మరో రూపానికి మారుతుంది. వంశపారంపర్యంగా ఆ గుణం ఉన్నవారిలో నుదుటి పైనా, నడినెత్తి మీదా ఉండే కుదుళ్ళు ఈ డీహెచ్‌టీ వల్ల ఏటికేడు చిన్నవైపోతాయి. వచ్చే వెంట్రుక ముందుకంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. చివరికి నూగులా మిగులుతుంది. చెవుల పక్కా, వెనుకా ఉండే కుదుళ్ళకు ఆ బాధ ఉండదు. అందుకే చుట్టూ ఒక వరుస జుట్టు నిలిచి ఉంటుంది.

"మేనమామ పోలిక" అని మన పెద్దవాళ్ళు అంటారు. అందులో కొంత నిజం ఉంది. దీనికి సంబంధించిన ముఖ్యమైన జన్యువు ఒకటి తల్లి వైపు నుంచే కొడుక్కు వస్తుంది. కాని తండ్రి వైపు నుంచి వచ్చే జన్యువులూ చాలా ఉన్నాయి. కాబట్టి భార్య మీద భర్త, భర్త మీద భార్య నెపం వేసుకునే పని లేదు.

ఇది జబ్బు కాదు. మగతనం తగ్గిందనడానికి గుర్తు కాదు. చేసిన పాపానికి శిక్ష అంతకంటే కాదు.

నిజం కానివి కొన్ని

టోపీ పెట్టుకుంటే బట్టతల వస్తుందంటారు. రాదు. హెల్మెట్ వల్లా రాదు. జుట్టు పోతుందని హెల్మెట్ ఇంట్లో వదిలి బండెక్కే యౌవనస్థులున్నారు. బాబూ, జుట్టు లేకపోయినా బ్రతకవచ్చు, తల లేకుండా బ్రతకలేము. చెమట పట్టే హెల్మెట్‌ను లోపల శుభ్రం చేసుకుంటే చాలు.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందంటారు. కత్తి తగిలేది చర్మం పైనున్న వెంట్రుకకే గాని లోపలి కుదురుకు కాదు. కోసిన కొస మొద్దుగా ఉంటుంది గనుక చేతికి గరుకుగా తగిలి, ఒత్తుగా వచ్చినట్టు తోస్తుంది.

గల్ఫ్‌కు వెళ్ళిన మన పిల్లలు చాలామంది అక్కడి నీళ్ళ వల్ల జుట్టు పోయిందని చెబుతారు. ఉప్పునీళ్ళు జుట్టును బిరుసు చేస్తాయి. కాని నుదురూ నడినెత్తీ చూసి పలచబడే ఈ బట్టతల నీళ్ళ వల్ల వచ్చేది కాదు. వాళ్ళు వెళ్ళే వయసూ, ఇది మొదలయ్యే వయసూ ఒకటే కావడం వల్ల ఆ అనుమానం వస్తుంది.

కొబ్బరినూనె, మందారాకు, గుంటగలగరాకు మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నవే. రాసుకోండి, జుట్టు మెత్తగా ఉంటుంది. చిన్నదైపోయిన కుదురును అవి తిరిగి లేపుతాయని మాత్రం వేలు ఖర్చు పెట్టవద్దు. ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. మన దేశంలో 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనలలో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది. ఆ జాబితాలోని వాటిని నివారిస్తామని గాని, నయం చేస్తామని గాని ఏ మందూ చెప్పుకోకూడదు. అందులో బట్టతల పేరు కూడా ఉంది. కనుక "మూడు నెలల్లో బట్టతల మాయం, గ్యారంటీ" అని ఎవరైనా సీసా పట్టుకొని వస్తే, ఆ గ్యారంటీ మాటే చట్టం ఒప్పుకోని మాట అని గుర్తుంచుకోండి.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి?

టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్ వంటి జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళతో రాలడం ఉంటుంది. చాలామందికి అది కొన్ని నెలల్లో దానంతట అదే ఆగి, తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా తలంతా పలచబడవచ్చు. నీరసం కూడా ఉంటే రక్తపరీక్ష చేయించుకోవాలి.

రూపాయి బిళ్ళంత గుండ్రంగా, నున్నగా ఒకచోట జుట్టు ఊడితే మనం పేనుకొరుకుడు అంటాము. నిజానికి దానిని కొరికే పేనూ లేదు, పురుగూ లేదు. శరీరంలోని రక్షణశక్తి పొరబడి తన సొంత కుదుళ్ళ మీదే దాడి చేయడం వల్ల అది వస్తుంది. ఉమ్మెత్త పసరు, వెల్లుల్లి రుద్ది పుండ్లు చేసుకోకుండా చర్మవైద్యునికి చూపించండి. పిల్లల తల మీద పొట్టు రాలుతూ, దురదతో జుట్టు ఊడితే అది తామర కావచ్చు. దువ్వెనలూ టోపీలూ మార్చుకుంటే ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. దానికి పై పూత చాలదు, మాత్రలు కావాలి.

ఇక మామూలు బట్టతలకు రుజువైన మందులు రెండున్నాయి. మొదటిది మినాక్సిడిల్. అది మొదట రక్తపోటుకు ఇచ్చిన మాత్ర. వాడినవారికి వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా చేశారు. 1988లో అమెరికాలో మగవారి బట్టతలకు అనుమతి వచ్చింది. రోజూ రాయాలి. మొదటి వారాల్లో ఇంకాస్త రాలినట్టు కనిపించవచ్చు. ఫలితం తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. రెండవది ఫినాస్టరైడ్ మాత్ర. దానికి 1997లో అనుమతి వచ్చింది. వైద్యుడు రాసిస్తేనే వాడాలి. కొందరికి దాంపత్య కోరిక తగ్గడం, మనసు కుంగడం వంటివి కలుగుతాయి. అలా అయితే సిగ్గుపడక వెంటనే వైద్యునికి చెప్పాలి. గర్భిణీ స్త్రీలు ఆ మాత్రను వాడకూడదు, విరిగిన మాత్రనూ దాని పొడినీ ముట్టుకోనూ కూడదు. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే హాని జరగవచ్చు.

ఈ రెండూ తొలిదశలోనే బాగా పనిచేస్తాయి. పూర్తిగా నున్నబడిన చోట పనిచేయవు.

జుట్టు నాటడమంటే వెనుక భాగంలోని కుదుళ్ళను తీసి ముందు భాగంలో నాటే శస్త్రచికిత్స. అది మోసం కాదు, పాపమూ కాదు. కాని అది సెలూన్ పని కాదు, శిక్షణ పొందిన వైద్యుని పని. నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ఈ విషయమై మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తక్కువ ధరకు ఎక్కడపడితే అక్కడ చేయించుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. పైగా నాటినవి నిలిచినా, చుట్టూ ఉన్న పాతవి రాలుతూనే ఉంటాయి గనుక మందులు మళ్ళీ వాడవలసి వస్తుంది. సొంత డబ్బుండి, అన్నీ తెలుసుకొని చేయించుకునేవారిని మేము తప్పుపట్టము. కాని అమ్మా, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే పొలం మీద దీనికోసం అప్పు తేవద్దు. ప్రేమతోనే వద్దని చెప్పండి.

వాక్యం ఏమంటున్నది?

లేవీయకాండము పదమూడవ అధ్యాయం తెరవండి. చర్మరోగాలను యాజకుడు పరీక్షించే విధానం అక్కడ ఉంది. ఎవరు పవిత్రుడు, ఎవరు పాళెం వెలుపల ఉండాలి అని తేల్చే అధ్యాయం అది. చదువుతుంటేనే భయం వేస్తుంది. నలభై, నలభై ఒకటి వచనాల దగ్గరకు వచ్చేసరికి బట్టతల మాట వస్తుంది. నడినెత్తిన జుట్టు పోయినవాని గురించి ఒక వచనం, నుదుటి వైపు పోయినవాని గురించి మరొక వచనం. ఈనాటి వైద్యులు చూపించే రెండు చోట్లూ అవే. రెంటికీ తీర్పు ఒక్కటే: అతడు పవిత్రుడు. ఆ తల మీద పుండు గాని మచ్చ గాని ఉంటేనే చూపించుకోవాలని తరువాతి వచనాలు చెబుతున్నాయి.

ప్రియులారా, ఆ ధర్మశాస్త్రమే బట్టతల వానిని లోపల ఉంచింది. మనమేమో మాటలతో వేపచెట్టు కిందికి పంపుతున్నాము.

ఎలీషా సంగతి కూడా మనకు తెలుసు. బేతేలుకు వెళ్ళే దారిలో అతని బట్టతలను చూసి అపహసించారు (రెండవ రాజులు 2:23). ఎలుగుబంట్ల కథ చెప్పి మనం పిల్లలను భయపెడతాము. పెద్దలం మాత్రం ఆ పాఠం మనది కాదన్నట్టు ఉంటాము. ఏలీయా ఆత్మలో రెండు పాళ్ళు అడిగి పొందిన ప్రవక్త తల మీద జుట్టు లేదు. ఆ సంగతిని లేఖనం దాచలేదు, దానివల్ల అతని పరిచర్య తగ్గనూ లేదు. ఇంకొకవైపు అబ్షాలోమును చూడండి. ఏటేటా అతడు కత్తిరించిన జుట్టు రాజు తూనికను బట్టి రెండు వందల తులములు (రెండవ సమూయేలు 14:26). ఇశ్రాయేలులో అంత అందగాడు లేడు. కాని కన్నతండ్రి మీదికే కత్తి దూశాడు.

మన తలవెంట్రుకలన్నీ లెక్కించబడి ఉన్నాయని ప్రభువు మత్తయి పదవ అధ్యాయంలో చెప్పాడు. ఒక్కటీ రాలదని ఆయన అక్కడ మాట ఇవ్వలేదు. భయపడుతున్న శిష్యులకు, మీ గురించి తండ్రికి తెలియనిది లేదని ధైర్యం చెప్పాడు. రోజుకు యాభై, వంద రాలే వెంట్రుకల లెక్క కూడా ఆయనకు తెలుసు. కనుక జుట్టు గురించి కూడా ఆయనతో చెప్పుకోవచ్చు. చిన్న సంగతని ఆయన నవ్వడు.

ఇంటివారికీ సంఘానికీ

తల్లిదండ్రులారా, భోజనం దగ్గర కొడుకు తల వంక చూసి నిట్టూర్చకండి. పక్కింటివారు చెప్పిన ప్రతి నూనే తెచ్చి అతని ముందు పెట్టకండి. అడిగితే తోడు వెళ్ళండి. అడగకపోతే వేరే మాటలు మాట్లాడండి.

సంబంధాలు చూసేటప్పుడు ఐదేళ్ళ కిందటి ఫోటో పంపవద్దు. ఉన్నది ఉన్నట్టు చూపించండి. దాచిపెట్టి కలిపిన సంబంధంలో మొదటి రోజే అనుమానం పుడుతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. అబ్బాయి తాగుతాడా, అబద్ధమాడతాడా, తల్లిని ఎలా చూసుకుంటాడు అని అడగండి. జుట్టు మీద కట్టిన కాపురం జుట్టు ఉన్నన్నాళ్ళే నిలుస్తుంది. ఇవాళ ఒత్తుగా ఉన్న అల్లుడికి నలభై ఏళ్ళకు ఉంటుందని ఎవరూ రాసివ్వలేరు.

సంఘకాపరులారా, పెద్దలారా, ప్రసంగంలో నవ్వించడానికి మనిషి శరీరం వాడుకోవద్దు. నల్లన, పొట్టి, లావు, బట్టతల, ఏదైనా సరే. నవ్విన వందమందీ ఇంటికి వెళ్ళేసరికి మరచిపోతారు. ఆ ఒక్కడు మరచిపోడు. ఇది మేము నేర్చుకున్నది గనుక చెబుతున్నాము.

బాబూ, నీకు

అమ్మ ఈ పత్రిక నీ బల్ల మీద పెడుతుందని మాకు తెలుసు. నీకు సలహాలు చెప్పి చెప్పి అందరూ విసిగించి ఉంటారు. మేము నాలుగే చెబుతాము.

ఒకసారి చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళు. మందు వాడాలో వద్దో తెలుసుకొని నిర్ణయించుకో. ఏది నిర్ణయించుకున్నా, రోజుకు పదిసార్లు అద్దం ముందు తల లెక్కపెట్టుకోవడం మానుకో.

పక్క జుట్టు పొడవుగా పెంచి నెత్తి మీదికి దువ్వుకోకు. గాలి వీస్తే అది నిలవదు. కటింగ్ షాపులో చుట్టూ పొట్టిగా కత్తిరించమను. గడ్డం నప్పితే ఉంచుకో. పొట్టి జుట్టులో పలచదనం అంతగా కనబడదు.

ఎండలో పనికి వెళ్ళినప్పుడు టోపీ గాని తువ్వాలు గాని తప్పక వాడు. జుట్టు లేని మాడు తొందరగా కాలుతుంది. టోపీ ఎండకు పెట్టుకో, మనుషులకు భయపడి పెట్టుకోకు.

మనసు మరీ కుంగి, నిద్ర పట్టక, ఎందుకీ బ్రతుకు అనిపిస్తుంటే ఒంటరిగా ఉండకు. అమ్మతో చెప్పు, వైద్యునితో చెప్పు. అది బలహీనత కాదు.

ఇక మందిరం సంగతి. వేపచెట్టు కింద నిలబడిన ఆ తమ్ముడు మేము క్షమాపణ అడిగిన వెంటనే తిరిగి రాలేదు. అడిగినంత మాత్రాన గాయం మానదు. ఈస్టరు తెల్లవారుజామున, ఇంకా చీకటిగా ఉన్న ఆరాధనకు వచ్చాడు. వెనుక నిలబడ్డాడు. తెల్లవారింది. అతడు వెళ్ళిపోలేదు. ఒక ముసలాయన జరిగి, చాప మీద చోటిచ్చి, "కూర్చో నాయనా" అన్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. అంతకంటే పెద్ద స్వాగతం ఆ రోజు అతనికి అక్కరలేదు.

నీ సంఘంలోనూ జరిగి చోటిచ్చేవారు ఉంటారు, బాబూ. నీ తబలా నీకోసం ఎదురుచూస్తున్నది. ఒక్క ఆదివారం వచ్చి చూడు. ప్రార్థన వేళ టోపీ తీసి ఒడిలో పెట్టుకొని కళ్ళు మూసుకో. ఆ వేళ మిగతావారి కళ్ళు కూడా మూసే ఉంటాయి. తెరిచి చూసే తండ్రి ఒక్కడే. ఆయన పైరూపాన్ని చూసేవాడు కాడని సమూయేలుకే తేల్చి చెప్పాడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో, మన మాట వల్ల మందిరానికి దూరమైనవారు ఎవరైనా ఉన్నారేమో జ్ఞాపకం చేసుకుందాము. పేరు తోస్తే ప్రార్థించి ఊరుకోవద్దు. ఆ సాయంకాలమే వారి ఇంటికి వెళ్ళుదాము.

ప్రభువు కృప మీ కుటుంబములకు తోడైయుండును గాక.